వెయిట్ లిస్టులో పడ్డాక లెటర్ ఆఫ్ ఇంటెంట్ రాసిన నా అనుభవం

2024 మార్చి మొదటి వారంలో ఒక రాత్రి ఆ మెయిల్ వచ్చింది. సీటు ఇస్తున్నామని లేదు, ఇవ్వమనీ లేదు. "మీ దరఖాస్తును వెయిట్ లిస్టులో ఉంచాము, ఖాళీ ఏర్పడితే తెలియజేస్తాము" అని రెండు వాక్యాలు, కింద డైరెక్టర్ పేరు, అంతే. అమెరికా పడమటి తీరంలో ఉన్న ఒక స్టేట్ యూనివర్సిటీ, జియాలజీలో పీహెచ్‌డీ. నేను అప్లై చేసిన వాటన్నిటిలో మనసు పెట్టుకున్నది దాని మీదే, ఎందుకంటే కొండచరియలు విరిగిపడటం మీద పనిచేసే గ్రూపు అక్కడ ఉంది.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. మా గజపతి జిల్లాలో గాలి కంటే ఎక్కువ నష్టం చేసింది వాన, ఆ వానకి జారిన కొండలు. బరఘర దగ్గర వానకి తలదాచుకున్న మనుషుల మీదే కొండ పడింది. నేను ఈ చదువులోకి వచ్చిందే అందుకు. కాబట్టి ఆ మెయిల్ చూశాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. అప్పటికే ఫిబ్రవరిలో తూర్పు వైపు ఇంకో యూనివర్సిటీ నుంచి ఆఫర్ వచ్చి ఉంది, టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో (క్లాసుల పనిలో సాయం చేస్తే ఇచ్చే జీతం) సహా. మంచి ఆఫరే. కానీ అక్కడ ప్రొఫెసర్ పని నదుల్లో ఇసుక, బురద ఎలా కొట్టుకుపోతాయన్న దాని మీద.

ఇంట్లో వాళ్ళకి వెయిట్ లిస్ట్ అంటే ఏమిటో చెప్పడానికే చాలాసేపు పట్టింది. "ఏటే, సీటొచ్చినట్టా రానట్టా?" అని మామ్మ. రైలు టికెట్‌కైతే వెయిటింగ్ నంబరు ఉంటుంది, అది తగ్గుతుంటే కనిపిస్తుంది, చార్ట్ ఎప్పుడు వేస్తారో తెలుస్తుంది. ఇక్కడ నంబరు చెప్పరు, ముందు ఎంతమంది ఉన్నారో చెప్పరు. తెలిసింది ఒక్కటే, ఏప్రిల్ 15. అమెరికాలో గ్రాడ్యుయేట్ స్కూళ్ళ కౌన్సిల్ చేసిన తీర్మానం ఒకటుంది. దానికి ఒప్పుకున్న యూనివర్సిటీలు ఫండింగ్‌తో, అంటే చదువు ఖర్చుకి డబ్బు సాయంతో, ఇచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15 కంటే ముందే జవాబు చెప్పి తీరాలని పట్టుబట్టకూడదు. అందుకని చేతిలో రెండు మూడు ఆఫర్లున్న వాళ్ళు చాలామంది ఆఖరి వారం దాకా ఏదీ తేల్చరు. వాళ్ళు తేల్చితేనే మన వరకూ వచ్చేది.

ఈలోగా మనం చేయగలిగింది ఏమైనా ఉందా అని అడిగితే, అమెరికాలోనే పీహెచ్‌డీ చేస్తున్న మా బరంపురం సీనియర్ అక్క లెటర్ ఆఫ్ ఇంటెంట్ సంగతి చెప్పింది. ఇందులో రెండు రకాలున్నాయని అప్పుడే తెలిసింది. "నాకు మీ ప్రోగ్రాం మీద ఇంకా ఆసక్తి ఉంది, ఈమధ్య నేను చేసిన పని ఇదీ" అని రాస్తే అది ఆసక్తి తెలిపే ఉత్తరం, ఎంతమందికైనా పంపుకోవచ్చు. "సీటిస్తే కచ్చితంగా మీ దగ్గరే చేరతాను" అని రాస్తే అది ఇంటెంట్. ఒక్క చోటికే పంపాలి. చట్టం ప్రకారం ఎవరూ మనల్ని పట్టుకోరు, కేసు వేయరు. అయినా అది మాట. ఒక ఫీల్డులో ప్రొఫెసర్లందరూ ఒకరికొకరు తెలిసిన వాళ్ళే ఉంటారు కాబట్టి మాట తప్పితే తెలిసిపోతుంది కూడా, అంది అక్క. తెలిసినా తెలియకపోయినా రెండు చోట్లకి పంపడం నాకు ఇష్టం లేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, విశాఖపట్నంలో ఒక కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే వాళ్ళు సరిగ్గా దీనికి ఎదురు చెప్పారు. ఉత్తరం రాసి పెట్టడానికి పన్నెండు వేలు అడిగారు. పైగా "ఎన్ని చోట్ల వెయిట్ లిస్ట్ ఉంటే అన్ని చోట్లకీ అదే లెటర్ పంపేద్దాం మేడమ్, యూనివర్సిటీ పేరు మారిస్తే చాలు" అన్నారు. నమూనా చూపించమంటే వాట్సాప్‌లో పంపారు. అందులో ఎవరి పేరు పెట్టినా సరిపోయే మాటలే ఉన్నాయి, ఏ ఊరి పిల్లకైనా, ఏ సబ్జెక్టుకైనా. నాకు చాలా కోపం వచ్చింది. ఈ ఏజెంట్లకి డబ్బు కట్టే ఇళ్ళలో చాలా వరకు మా ఇంటి లాంటివే, అప్పటికే టోఫెల్ ఇంగ్లీషు పరీక్షకి పదిహేడు వేల దాకా, ఒక్కో అప్లికేషన్‌కి ఆరేడు వేలు పెట్టి ఉన్నవాళ్ళు. దయచేసి ఈ ఉత్తరం కోసం ఎవరికీ రూపాయి ఇవ్వకండి.

మొదట చేయాల్సింది ఉత్తరం రాయడం కాదు, అసలు తీసుకుంటారో లేదో కనుక్కోవడం. కొన్ని ప్రోగ్రాములు అదనంగా ఏమీ పంపవద్దని వెయిట్ లిస్ట్ మెయిల్‌లోనే రాస్తాయి, అలాంటప్పుడు పంపితే చెడ్డపేరు. నాకు వచ్చిన మెయిల్‌లో అలాంటి మాట లేదు. పోర్టల్ తెరిస్తే అప్‌లోడ్ చేసే చోటు మూసేసి ఉంది. అందుకని గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి, అంటే ప్రొఫెసర్ కాదు, ఆఫీసులో అడ్మిషన్ల పని చూసే ఆవిడకి, చిన్న మెయిల్ పెట్టాను. రెండే ప్రశ్నలు. ఉత్తరం పంపవచ్చా, పంపితే ఎవరికి? వెయిట్ లిస్ట్ నుంచి తీసుకునే వాళ్ళకి కూడా అందరిలాగే ఫండింగ్ ఉంటుందా?

రెండో ప్రశ్న అడగాలా వద్దా అని చాలా ఆలోచించాను, అత్యాశ అనుకుంటారేమోనని. కానీ అది తెలియకుండా నేను ఏ మాటా ఇవ్వలేను. మా నాన్నది బజారులో చిన్న కిరాణా షాపు. ఫండింగ్ లేకుండా సీటు వస్తే నేను వెళ్ళను, వెళ్ళలేను. అలాంటప్పుడు "సీటిస్తే తప్పకుండా చేరతాను" అని రాస్తే అది అబద్ధం అవుతుంది. పోనీ ఉత్తరంలో "ఫండింగ్ ఇస్తేనే" అని షరతు పెడదామా అంటే, షరతు పెట్టిన ఉత్తరానికి బలం ఉండదని అక్క అంది, అదీ నిజమే అనిపించింది. మూడు నాలుగు రోజులకి జవాబు వచ్చింది. ఫండింగ్ లేకుండా తాము పీహెచ్‌డీలోకి ఎవరినీ తీసుకోమని, ఉత్తరం ఒక్క పేజీకి మించకుండా పీడీఎఫ్‌లో తనకి పంపితే కమిటీకి అందిస్తానని, మర్యాదగా రాసింది. ఆ మెయిల్ నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. షరతు పెట్టే అవసరమే పోయింది. మీరూ ముందు ఇది అడగండి.

అసలు కష్టం ఇంట్లో. తూర్పు వైపు ఆఫర్ వచ్చిన యూనివర్సిటీకి రెండు మూడు గంటల దూరంలో మా చిన్నాన్న కొడుకు ఉంటాడు. అమ్మ ధైర్యం అంతా అదే. "అన్నయ్య ఉన్నాడు కదే అక్కడ, జొరమొచ్చినా చూసుకుంటాడు. ఆ పడమటేపు ఎవరున్నారే మనకి?" అని ఒకటే మాట. ఫిబ్రవరి నుంచి ఆవిడ ఊహలో నేను అన్నయ్య దగ్గరికే వెళ్తున్నాను. ఇప్పుడు వచ్చిన సీటు వదులుకుని, రాని సీటుకి మాటిస్తానంటున్నాను. వదులుకోవడం కాదమ్మా, వాళ్ళు ఇస్తేనే ఇది వదులుకుంటాను, ఇవ్వకపోతే అన్నయ్య దగ్గరికే వెళ్తాను అని ఎన్ని సార్లు చెప్పినా ఆవిడ భయం తగ్గలేదు. పాతపట్నం నుంచి మావయ్యని పిలిపించింది నాకు నచ్చజెప్పమని. మావయ్య నేను చెప్పింది అంతా విని, "పని ఎక్కడుంటే అక్కడికెళ్ళాలి గానీ అన్నయ్య ఎక్కడుంటే అక్కడికి పీహెచ్‌డీకెళ్తారేటక్కా" అని అమ్మతోనే అన్నాడు. నాన్న షాపు కట్టేసి వచ్చాక భోజనాల దగ్గర అడిగింది వేరే. "రేపు ఆల్లు సీటిస్తే నువ్వు మళ్ళీ మనసు మార్చుకోవు కదమ్మా? మాటిచ్చేక ఎల్లాలి మరి." మార్చుకోను నాన్నా అన్నాను. అమ్మ లేచి మజ్జిగ తెచ్చి వడ్డించింది గానీ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న, "అక్కడ చలెక్కువా?" అని అడిగింది. ఆ సాయంత్రం ఉత్తరం మొదలుపెట్టాను.

ఉత్తరం ఇంగ్లీషులోనే రాశాను, ఇక్కడ దాని సారం తెలుగులో చెబుతాను. మొదటి పేరా నాలుగు లైన్లు. వెయిట్ లిస్టులో ఉంచినందుకు కృతజ్ఞతలు, మీ ప్రోగ్రామే నా మొదటి ఎంపిక, సీటు ఇస్తే తప్పకుండా చేరతాను, నా చేతిలో ఉన్న ఇంకో ఆఫర్‌ని వెంటనే వదులుకుంటాను. ఆ చేరతాను అన్న వాక్యం మొదటి పేరాలోనే ఉండాలని అక్క గట్టిగా చెప్పింది. కమిటీ వాళ్ళు పైనుంచి నాలుగు లైన్లు చదివి పక్కన పెట్టినా ఆ ఒక్కటీ వాళ్ళ కంట పడాలి. ఇంకో ఆఫర్ ఎక్కడి నుంచో పేరు రాయలేదు, బేరం ఆడుతున్నట్టు ఉండకూడదని.

రెండో పేరాకి అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది. డిసెంబర్‌లో అప్లికేషన్ పంపాక నేను కొత్తగా చేసిందేమిటి అన్నది అందులో రావాలి. పాత అప్లికేషన్‌లో ఉన్నదే మళ్ళీ రాస్తే వాళ్ళకి ఉపయోగం లేదు, అది వాళ్ళ దగ్గర ఉంది. ఎమ్మెస్సీ 2023లోనే అయిపోయింది, ఇంట్లో ఉండి పిల్లలకి ట్యూషన్లు చెబుతున్నాను, చూడటానికి రాసేందుకు ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ జనవరి, ఫిబ్రవరి నెలల్లో వీలైనప్పుడల్లా తమ్ముడి బండి మీద రాయగడ బ్లాక్ వైపు వెళ్ళి (ఇది గజపతి జిల్లాలో ఉన్న రాయగడ, జిల్లా కేంద్రం రాయగడ కాదు) తిత్లీ అప్పుడు జారిన చోట్లు కొలుస్తూ ఉన్నాను. టేపు, వాలు కొలిచే క్లైనోమీటర్, ఫోన్‌లో జీపీఎస్, అంతే సరంజామా. కొన్ని చోట్ల జారిన మచ్చ మీద గడ్డి పెరిగిపోయింది, కొన్ని చోట్ల జీడిమామిడి మొక్కలు వేశారు, దగ్గరికి వెళ్తే తప్ప అక్కడ కొండ జారిందని తెలియదు. సెంటినెల్-2 ఉపగ్రహం బొమ్మల్లో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు, అంతకన్నా సన్నగా జారినవి బొమ్మలో సరిగా కనపడవు. ఊళ్ళో వాళ్ళని అడిగి అలాంటి వాటిని నడిచి వెతికి కొలిచాను. ఇదే రాశాను, ఇంత సాదాగానే. మొదటి డ్రాఫ్ట్‌లో "ఈ అంశంపై నాకు అపారమైన ఆసక్తి" లాంటి వాక్యాలు ఉంటే అక్క అన్నీ కొట్టేసి, "నువ్వు బండి మీద వెళ్ళి కొలిచావు కదా, దాన్ని మించిన ఆసక్తి ఏముంటుంది, అదే రాయి" అంది. ఇంకో విషయం, ఫిబ్రవరిలో ఒక సదస్సుకి పంపిన చిన్న వ్యాసానికి అంగీకారం వచ్చింది, అదీ ఒక లైన్.

మూడో పేరాలో ఆ యూనివర్సిటీయే ఎందుకు అన్నది. వాళ్ళ గ్రూపు పెద్ద వానల తర్వాత పాత మచ్చల చుట్టూ మళ్ళీ జారుతుందా అన్న ప్రశ్న మీద పని చేస్తోంది, నా దగ్గర తిత్లీ మచ్చల కొలతలు ఉన్నాయి, ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో మూడు వాక్యాల్లో. వాతావరణం బాగుంటుంది, ర్యాంకు బాగుంటుంది లాంటివి ఏవీ పెట్టలేదు.

మొత్తం ఒక పేజీ నిండలేదు. నిండకపోతే ఏమైనా తక్కువ అవుతుందేమోనని టెన్షన్ పడ్డాను గానీ, నింపడానికని రాసిన ప్రతి లైనూ చదివితే అనవసరంగా కనిపించింది, తీసేశాను. జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించి, సంతకం పెట్టి, ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్ చేశాను. ప్రింట్ ఐదు రూపాయలు. సంతకం తప్పనిసరి అని వాళ్ళు అనలేదు. మాటిస్తున్నప్పుడు సంతకం ఉంటే బాగుంటుందని నాకే అనిపించింది.

పంపే వేళ కూడా చూసుకున్నాను. మార్చి 10న వాళ్ళ గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి, కాబట్టి వాళ్ళ పొద్దున్న తొమ్మిది మనకి రాత్రి తొమ్మిదిన్నర. మార్చి మూడో వారంలో ఒక మంగళవారం రాత్రి సరిగ్గా వాళ్ళు ఆఫీసుకి వచ్చే టైముకి పంపాను. "అందింది, కమిటీకి పంపాను" అని అరగంటలో ఒక లైను జవాబు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ మౌనం చాలా కష్టం. ఏప్రిల్ 1 ఉత్కళ దివస్ (ఒడిశా ఆవిర్భావ దినం) సెలవు, ఏప్రిల్ 9 ఉగాది, ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ పచ్చడి తింటూ "అమెరికా సంగతేటయ్యిందమ్మా?" అని అడగడమే. వాళ్ళది ప్రేమే. కానీ జవాబు లేని ప్రశ్నకి రోజంతా జవాబు చెబుతుంటే ఏడుపు వస్తుంది. మళ్ళీ ఒక మెయిల్ పెట్టి గుర్తుచేద్దామా అనిపించింది, అక్క వద్దంది. ఒకసారి చెప్పిన మాట ఒకసారే చెప్పాలి, కొత్త విషయం ఏదైనా ఉంటే తప్ప మళ్ళీ రాయకు అని. రాయలేదు. తూర్పు వాళ్ళకి మాత్రం నిజం చెప్పి ఏప్రిల్ 15 తర్వాత ఒక వారం గడువు ఇస్తారా అని అడిగాను. ఇవ్వలేమన్నారు. మాకూ వెయిట్ లిస్ట్ ఉంది, వాళ్ళూ మీలాగే ఎదురు చూస్తున్నారు అని రాశారు. న్యాయమే కదా.

ఏప్రిల్ 15 సోమవారం. తూర్పు వాళ్ళ గడువు వాళ్ళ టైములో సాయంత్రం ఐదు, అంటే మనకి తెల్లవారితే మంగళవారం అనగా రాత్రి రెండున్నర. పన్నెండు దాకా చూసి, ఏమీ రాకపోతే తూర్పు ఆఫర్ ఒప్పేసుకుందామని అనుకున్నాం. అమ్మా నాన్నా పడుకోలేదు. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది, ఫోన్ ఛార్జింగ్ షాపులో ఇన్వర్టర్ మీద పెట్టుకుని వచ్చాను.

రాత్రి పది దాటాక పడమటి వాళ్ళ డైరెక్టర్ నుంచి మెయిల్. ఒకరు ఇప్పుడే వద్దన్నారు, మీ ఉత్తరం కమిటీ చూసింది, మీరు ఇంకా అదే మాట మీద ఉన్నారా, ఉంటే వెంటనే చెప్పండి, అధికారిక లెటర్ రెండు మూడు రోజుల్లో వస్తుంది. అంతే ఉంది. నాకు చేతులు వణికాయి. కానీ ఇక్కడే ఒక చిక్కు, ఎవరూ ముందు చెప్పనిది. ఆ మెయిల్ ఆఫర్ కాదు. అందులో డబ్బు సంగతి లేదు. దాన్ని నమ్ముకుని తూర్పు సీటు వదిలేస్తే, రెండు మూడు రోజుల్లో రావలసిన లెటర్ రాకపోతే రెండూ పోతాయి.

అక్కకి ఫోన్ చేశాను, ఆమె క్లాసులో ఉన్నట్టుంది, ఎత్తలేదు. ఇక నేనే రాశాను. అదే మాట మీద ఉన్నాను, చేరతాను. ఇంకో ఆఫర్ గడువు ఈ రాత్రే ముగుస్తుంది, అసిస్టెంట్‌షిప్ వివరాలతో ఇది ఆఫర్ అని మీరు మెయిల్‌లో రాసి పంపగలిగితే ఇప్పుడే అది వదులుకుంటాను. పంపాక ఇంత సూటిగా అడిగానేమిటి అని గుండె దడ. ఒంటి గంటకి జవాబు వచ్చింది. ట్యూషన్ ఫీజు మాఫీ, తొమ్మిది నెలలకి ఎంత జీతం, ఎన్ని సంవత్సరాలు, అన్నీ డైరెక్టర్ స్వయంగా రాశారు. నాన్న ఆ అంకె రెండు సార్లు చదివించుకున్నాడు.

రెండున్నర లోపలే తూర్పు వాళ్ళకి వద్దని రాసేశాను. ఇది కూడా రాతపూర్వకంగా, అదే రాత్రి చేయాలి. మర్నాడు వాళ్ళ దగ్గర నుంచి వచ్చింది, శుభాకాంక్షలు, మా లిస్టులో తర్వాతి వ్యక్తికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాం అని. ఆ మెయిల్ చూసి అమ్మ మొదటిసారి నవ్వింది.

ఆ తర్వాతి ఖర్చుల సంగతి కూడా చెప్పాలి. అధికారిక లెటర్ ఆ వారంలోనే వచ్చింది. ఐ-20, అంటే స్టూడెంట్ వీసాకి యూనివర్సిటీ ఇచ్చే కాగితం, మే నెలాఖరుకి. ట్యూషన్ మాఫీ అన్నా స్టూడెంట్ ఫీజు అని కొంత మనమే కట్టాలి, అది లెటర్ రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, చదువుకోండి. జీతం తొమ్మిది నెలలకే కాబట్టి మిగతా మూడు నెలల ఖర్చుకి బ్యాంకు కాగితం అడిగారు, మావయ్య తన ఎఫ్‌డీ చూపించాడు. 2024లో సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు కోసం అమెరికా ప్రభుత్వానికి కట్టే ఫీజు) 350 డాలర్లు, వీసా ఫీజు 185, రెండూ కలిపి అప్పుడు మన డబ్బులో నలభై నాలుగు వేల పైనే అయ్యింది. ఒడిశా వాళ్ళకి కూడా వీసా హైదరాబాద్ కాన్సులేట్ కిందే, కాబట్టి పలాసలో రైలెక్కడం. లెటర్ ఆఫ్ ఇంటెంట్ కాపీ అక్కడ ఎవరూ అడగలేదు. ఏప్రిల్ 15 రాత్రి వచ్చిన మెయిల్ ప్రింట్ మాత్రం యూనివర్సిటీలో ఐ-20 ఆఫీసు వాళ్ళు ఒకసారి అడిగారు, ఆఫర్ ఏ తేదీది అని. దాచి పెట్టుకోండి.